కిటికీ తెరిచే ఉంచు

ఇరసిల్దా అత్తా,
గ్యాసు బిల్లు వెనకాల రాశాను, కళ్ళజోడు పెట్టుకుని చూడు.
ఆట నాలుగింటికి.
మనం పన్నెండున్నరకే గడప దాటాలి.
నవ్వకు.
అరవై వేలమంది ఒకే రోడ్డున పడితే
ఇసుక వేసినా రాలదు,
నీ మోకాళ్ళ సంగతి నీకంటే నాకే ఎక్కువ తెలుసు.

చర్చి మలుపులో బస్సు.
మొదటిది నిండు చూలాలిలా వస్తుంది, దాన్ని పోనిద్దాం.
రెండోదీ అంతే.
మూడోది ఎక్కి, సరస్సు దగ్గర దిగి,
నీడ ఉన్న వైపే నడుద్దాం, తొమ్మిది వందల అడుగులు.
మొన్న ఆదివారం ఒక్కదాన్నే వెళ్ళి లెక్కపెట్టొచ్చాను.
మధ్యలో రెండుచోట్ల పిట్టగోడలున్నాయి.

పెద్ద సంచి లోపలికి రానివ్వరు.
గొడుగూ వద్దు, వానొస్తే తడుద్దాం.
నీ పర్సు అడుగున ఎప్పుడూ ఉండే ఆ కత్తెర తీసెయ్,
నువ్వు దర్జీవని గేటు దగ్గర వాళ్ళకి ఎవరు చెప్తారు?
ఆకుపచ్చ శాలువా మాత్రం చచ్చినా కప్పుకోకు,
ఎదుటి జట్టుది అదే రంగు.
చలంటావా, అరిస్తే పోతుంది.

నలభై ఏళ్ళుగా జెండాలు కుట్టావు.
మంచమంత జెండా, వీధంత జెండా,
మిషను కిందనుంచి జారి
వంటింట్లోకి, అక్కణ్ణించి వరండాలోకి పారిన జెండా.
వాల్దొమీరో వచ్చి భుజాన వేసుకుపోయేవాడు.
సోమవారం బీరు మరకలతో,
ఓ మూల చిరిగి తిరిగొచ్చేది.
గెలిచారా అని నువ్వెప్పుడూ అడగలేదు,
చిరుగు చూసి చెప్పేసేదానివి.
నువ్వూ రావచ్చుగా అంటే
ఆదివారాలే గిరాకీ అనేదానివి.

మన ఇంట్లో గోలు రెండుసార్లు పడేది.
ముందు కొండ దిగువనుంచి కిటికీలోకి,
ఆ తర్వాతెప్పటికో టీవీలోకి.
తెరమీద ఆటగాడింకా బంతి వెంట పరుగెడుతూనే ఉండగా
నువ్వు సూది ఆపి "పడింది" అనేదానివి.
నీ వెనకాలే పంజరంలోంచి చిలకా అనేది.
చాలా ఏళ్ళు నిన్ను మంత్రగత్తెవనుకున్నాను.
చిలకని కూడా.

టికెట్లు ఫోనులో ఉన్నాయి.
ఛార్జింగు అయిపోతుందేమోనని కాగితం మీదా తీయించాను,
అది నా మేజోడులో ఉంటుంది.
ముప్పై రెండో వరస, మెట్ల పక్కన.
మరుగుదొడ్డి ఎడమచేతికి.
కర్రపెండలం పిండి కలిపిన చిక్కుడు గింజల మీద
గుడ్డు వేసిచ్చే కొట్టు కుడిచేతికి.
ఆట మొదలవకముందే తినాలి,
విరామంలో వెళ్తే రెండో సగమంతా లైనులోనే గడిచిపోతుంది.
తప్పిపోతే ఏడో గేటు, నీలం స్తంభం.
అక్కడే నిలబడు, నేనొస్తా.
నువ్వు వెతుక్కుంటూ రాకు.
ఇద్దరం వెతికితే ఇద్దరం దొరకం.

ఇక్కడిదాకా చదివి
కాగితం మిషను బల్లమీద పరిచావు,
గుడ్డ కత్తిరించబోయే ముందు పరిచినట్టు.
సుద్దముక్కతో మూడు బస్సులూ కొట్టేశావు,
వాల్దొమీరో కొడుక్కి కారుందట.
పిట్టగోడలు కొట్టేశావు.
మరుగుదొడ్డి ఉంచావు.
గుడ్డు పక్కన "రెండు" అని రాశావు.

అప్పుడడిగావు:
"ఆ ముప్పై రెండో వరసలోంచి మన కొండ కనిపిస్తుందా?"

నెల రోజులుగా ఆ కుర్చీల పటమే చూస్తున్నాను అత్తా,
ఒక్క కుర్చీ కూడా ఇటు తిరిగి లేదు.
తెలీదన్నాను.
"పోనీలే" అన్నావు.

కత్తెర పర్సులోంచి తీసి దారపు ఉండ పక్కన పెట్టావు.
శాలువా మడిచి చిలక పంజరం మీద కప్పబోయి,
ఆగి, మళ్ళీ తీసేశావు.

"రేపు వెళ్ళేటప్పుడు ఆ కిటికీ తెరిచే ఉంచు.
మనం అరిస్తే
ఇంట్లో ఎవరో ఒకరు వినాలి కదా."